పాత డబ్బాకు కొత్త పని

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు నా అరచేతిలో చిన్న నిమ్మకాయంత ప్లాస్టిక్ వస్తువు ఒకటి పెట్టి, "దీని రాడ్డు తిప్పి చూడు మామా" అన్నాడు. ఒక పక్క శిలువ ఆకారపు కన్నం, అందులో దూర్చిన ఇరుసు రాడ్డు; రెండో పక్క చక్రం బిగించుకునే ముఖం. రాడ్డును ఒక చుట్టు తిప్పితే ఆ ముఖం చాలా కొద్దిగా మాత్రమే కదిలింది. మధ్యలో ఏం జరుగుతున్నదో కంటికి కనబడదు. బావగారు ఆఫీసు పని మీద అమెరికా వెళ్ళి వస్తూ తెచ్చిన లెగో టెక్నిక్ (పళ్ళ చక్రాలతో, ఇరుసులతో కదిలే యంత్రాలు కట్టుకునే లెగో బొమ్మలు) జీపులోని హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, అది. 2019లో వచ్చిన 42099 నంబరు సెట్టు, మొత్తం 958 భాగాలు. లోపలి పళ్ళ చక్రాలతో వేగం తగ్గించే ఈ ప్లానెటరీ హబ్బు మొదటిసారి కనబడింది అందులోనే.

నిజం చెప్పాలంటే నాకు మొదట చిరాకు కలిగింది. పళ్ళ చక్రాలను పిల్లవాడు తన చేత్తో ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఏది దేన్ని తిప్పుతున్నదో చూసుకుంటేనే అది కట్టుడు బొమ్మ అవుతుందని, ఫ్యాక్టరీలోనే బిగించి మూత వేసి పంపితే అది కొనుక్కున్న వస్తువు మాత్రమే అవుతుందని ఎన్నో ఏళ్ళుగా నేను వాదిస్తూ వచ్చాను. ఆ వాదనలో సగం తప్పని ఆ హబ్బు నాకు నేర్పింది. మిగతా సగాన్ని మాత్రం నేను వదులుకోలేదు, వదులుకోను కూడా. కొత్త యాంత్రిక భాగాలను ఏ తక్కెడలో తూచాలో నాకు నేను తేల్చుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా తక్కెడ ఎక్కడిదో ముందు చెప్పాలి. మా నాన్న బొగ్గు గని వర్క్‌షాప్‌లో ఫిట్టరు. నా ఎనిమిదో ఏట ఆయన కొనిచ్చిన డబ్బాలో కన్నాలున్న ఇనుప పట్టీలు, నట్లు, బోల్టులు, రేకు స్పానరు, నాలుగు కప్పీలు ఉండేవి. పళ్ళ చక్రం ఒక్కటీ లేదు. కప్పీల మీద రబ్బరు బ్యాండు వేసి క్రేను కట్టేవాణ్ణి. బరువు కాస్త ఎక్కువైతే బ్యాండు జారిపోయేది. నా గోల పడలేక నాన్న ఒకరోజు పాడైపోయిన గోడ గడియారంలోంచి రెండు ఇత్తడి చక్రాలు ఊడదీసి తెచ్చాడు. ఎంత సంబరపడ్డానో అంత నిరాశపడ్డాను. పక్కపక్క కన్నాల్లో బిగిస్తే రెండు చక్రాల పళ్ళూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కేవి, ఒక కన్నం వదిలి బిగిస్తే అసలు అందుకునేవే కావు. చివరికి నాన్న ఒక పట్టీలో రెండు కన్నాల మధ్య డ్రిల్లుతో మరో కన్నం వేసి ఇచ్చాడు. చక్రాలు తిరిగాయి. కానీ ఆ పట్టీ ఆ తర్వాత ఆ పనికి తప్ప మరి దేనికీ గట్టిగా నిలవలేదు. ఏ వంతెనలో వాడినా ఆ చోటే వంగేది. కొత్త భాగం వచ్చి పాత భాగాన్ని పాడుచేయడం ఎట్లా ఉంటుందో నేను కళ్ళారా చూసింది అక్కడే.

ఆ చిక్కును లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ అంతకు ఎనభై ఏళ్ళకు పైగా ముందే విడదీశాడన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1901లో ఆయన పేటెంటు పొందిన ఆటవస్తువే 1907 నుంచి మెకానో అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగింది. పట్టీలో కన్నానికీ కన్నానికీ దూరం ఎప్పుడూ అర అంగుళమే. దాని గొప్పతనం పట్టీల్లో కంటే పళ్ళ చక్రాల లెక్కలో ఎక్కువగా ఉంది. 57 పళ్ళ ఇత్తడి చక్రానికి 19 పళ్ళ పినియన్‌ను (చిన్న పళ్ళ చక్రాన్ని) జోడిస్తే మొత్తం 76 పళ్ళు. అంగుళం వ్యాసానికి 38 పళ్ళు వచ్చే కొలతతో వాటిని కోస్తారు కాబట్టి రెండు ఇరుసుల మధ్య దూరం సరిగ్గా ఒక అంగుళం, అంటే రెండు కన్నాలు. అదే పినియన్‌ను 95 పళ్ళ చక్రం పక్కన పెడితే ఒకటిన్నర అంగుళం, అంటే మూడు కన్నాలు. చక్రం పెద్దదైనా చిన్నదైనా ఇరుసు వెళ్ళి కూర్చునే చోటు ముందే ఉన్న కన్నం. ఎవరి పట్టీకీ కొత్తగా కన్నం పొడవనక్కరలేదు.

ఆ క్రమశిక్షణ ఎంత దూరం తీసుకుపోగలదో చూపించినవాడు మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని డగ్లస్ హార్ట్రీ. అవకలన సమీకరణాలను యంత్రంతో సాధించే డిఫరెన్షియల్ అనలైజరును అమెరికాలోని ఎం.ఐ.టి.లో వనీవర్ బుష్ నిర్మించాడు. అది చూసి వచ్చిన హార్ట్రీ, తన విద్యార్థి ఆర్థర్ పోర్టర్‌తో కలిసి 1934లో అటువంటి యంత్రాన్నే చాలా వరకు మెకానో భాగాలతో కట్టాడు. ఖర్చు సుమారు 20 పౌండ్లు. సమాధానాలు 2 శాతం తేడాలోపు వచ్చేవి. పరమాణువుల నిర్మాణం మీద జరుగుతున్న నిజమైన పరిశోధనలో ఆ యంత్రాన్ని వాడుకున్నారు. పిల్లల ఆట కోసం కోసిన 57 పళ్ళ చక్రానికి ఆ పని అప్పజెప్పాలని హార్న్‌బీ ఊహించి ఉండడు. నా తక్కెడకు ఒక పళ్ళెం ఇక్కడ దొరికింది. కొత్తగా వచ్చే భాగం పాత డబ్బాలోని భాగాలకు కొత్త పని కల్పిస్తున్నదా, లేక వాటి చేతిలోని పనిని లాక్కుంటున్నదా? ఈ ప్రశ్న ఒక్కటి చాలు. అందంగా ఉందా, కొత్తగా ఉందా, కష్టమైనదా అన్నవన్నీ దీని తర్వాతి మాటలు.

లెగో కథ ఇటుకలతో మొదలైంది కాబట్టి దాని ఇబ్బంది వేరు. పైన ఒకే వరస గుబ్బలున్న ఇటుక వెడల్పు 8 మిల్లీమీటర్లు, ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. అడ్డంగా పేర్చినప్పుడు వచ్చే దూరం నిలువుగా పేర్చినప్పుడు రాదు. 1977లో టెక్నిక్ తొలి సెట్లు వచ్చినప్పుడు, కన్నాలున్న పొడుగాటి ఇటుకలతో పాటు 8, 24, 40 పళ్ళ చక్రాలు వచ్చాయి. వాటి కొలతలో ఒక చమత్కారం ఉంది. పళ్ళ సంఖ్య ఎంతో, పళ్ళు కలిసే చోట చక్రం వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. 8 పళ్ళ చక్రానికి 8 మిల్లీమీటర్లు, 24 పళ్ళ దానికి 24. రెంటినీ కలిపి సగం చేస్తే 16 మిల్లీమీటర్లు, అంటే రెండు కన్నాల దూరం. 8, 40 కలిస్తే 24 మిల్లీమీటర్లు, మూడు కన్నాలు. 24, 40 కలిస్తే 32, నాలుగు కన్నాలు. తర్వాత వచ్చిన 16 పళ్ళ చక్రం తనలాంటి మరో చక్రంతో రెండు కన్నాల్లో కుదురుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన రెండు పక్కలా ఏటవాలు పళ్ళున్న చక్రాలు 12, 20, 36 పళ్ళతో వచ్చాయి: 12, 20 కలిస్తే రెండు కన్నాలు, 12, 36 కలిస్తే మూడు. ఈ మధ్య వచ్చిన 28 పళ్ళ చక్రం చూసి, మళ్ళీ ఇదెందుకని మొదట విసుక్కున్నాను. కాగితం మీద లెక్క వేస్తే 20, 28 కలిసి సరిగ్గా మూడు కన్నాలు. అన్నాళ్ళూ 20 పళ్ళ చక్రానికి మూడు కన్నాల దూరంలో జోడీ లేదు. ఒంటరిగా ఉన్న పాత చక్రానికి పెళ్ళి సంబంధం తెచ్చిన కొత్త చక్రం మీద ఇక నాకేం ఫిర్యాదు ఉంటుంది?

అన్నీ ఈ దారిలోనే పోవాలని లేదు. గోడకు స్క్రూలు దిగగొట్టే ప్లాస్టిక్ ప్లగ్గుతో పేరు తెచ్చుకున్న జర్మన్ ఆవిష్కర్త ఆర్టుర్ ఫిషర్, 1960ల నడుమ తెచ్చిన ఫిషర్‌టెక్నిక్‌లో కన్నాలకు బదులు గాడులు పెట్టాడు. గాడిలో దిమ్మెను ఎక్కడికైనా జరుపుకోవచ్చు. దూరం నీ ఇష్టం. గడియారపు చక్రాలతో నేను పడ్డ అవస్థ అక్కడ ఉండేది కాదు. అయితే జరిపేది జారుతుంది కూడా. కన్నంలో కూర్చున్న ఇరుసు ఇచ్చే భరోసా గాడి ఇవ్వలేదని నా అభిప్రాయం. ఫిషర్‌టెక్నిక్ అభిమానులు నా మీద విరుచుకుపడతారని తెలిసే అంటున్నాను.

ఇక మూత సంగతి. లోపలి పని కనబడటం, కనబడకపోవడం గురించి నా పాత వాదనకు పుట్టినిల్లు లెగో డిఫరెన్షియల్, అంటే బండి ఎడమ, కుడి చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే ఏర్పాటు. పాత రకం డిఫరెన్షియల్ ఒక తెరిచిన పంజరం. అందులో మూడు 12 పళ్ళ ఏటవాలు చక్రాలను మనమే దూర్చాలి: అటొకటి, ఇటొకటి, మధ్యలో ఒకటి. చిన్న వేళ్ళకు కూడా అది చిక్కు పనే. మధ్య చక్రం ఒక్కటే కనీసం రెండుసార్లు కింద పడి మంచం కిందికి దొర్లుతుంది. దూర్చాక మాత్రం అంతా తెరిచిన పుస్తకం. పంజరాన్ని వేళ్ళతో కదలకుండా పట్టుకుని ఎడమ ఇరుసును ముందుకు తిప్పితే కుడి ఇరుసు వెనక్కి తిరుగుతుంది. ఎడమ ఇరుసును పట్టుకుని పంజరాన్ని ఒక చుట్టు తిప్పితే కుడి ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. బురదలో ఒక చక్రం కూరుకున్నప్పుడు లారీ ఎందుకు కదలదో, రెండో చక్రం గాలిలో ఎందుకు గిర్రున తిరుగుతుందో క్లాసులో బల్ల మీద గీసి చెప్పడానికి అరగంట పడుతుంది. ఆ పంజరం అర నిమిషంలో చెబుతుంది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో మాకు ఆ పాఠం చెప్పిన రోజు, అది ముందే తెలిసిన కుర్రాడు క్లాసు మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. అతని దగ్గర లెగో ఏమీ లేదు. వాళ్ళ నాన్నకు లారీ షెడ్డు ఉంది.

1994లో వచ్చిన లెగో 8880 సూపర్ కారు మరో మంచి ఉదాహరణ. గేర్లు మార్చడానికి అంతకుముందు చక్రాన్నే ఇరుసు మీద పక్కకు జరిపేవారు. పళ్ళూ పళ్ళూ గుద్దుకుని, ఒక్కొక్కప్పుడు దిగబడక, వేలితో కాస్త తిప్పి సర్దవలసి వచ్చేది. ఆ కారులో కొత్తగా ఒక రింగు వచ్చింది. ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగే 16 పళ్ళ చక్రం పక్కనే ఆ రింగు ఉంటుంది. రింగును జరిపితే దాని కొమ్ములు చక్రంలోని గుంటల్లో దిగి, అంతవరకు వట్టిగా తిరుగుతున్న చక్రం ఇరుసుకు కట్టుబడుతుంది. నిజమైన కారు గేర్ బాక్సులో జరిగేదీ ఇంచుమించు ఇదే: అన్ని జతల చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి, ఏ జతకు పని అప్పజెప్పాలో రింగు తేలుస్తుంది. ఆ రింగు, దాని తోడు చక్రం వంటి కొద్ది రకాల కొత్త భాగాలే. వాటితో పాత చక్రాలన్నిటికీ గేర్ బాక్సులో ఉద్యోగాలు దొరికాయి.

ఇది తెరిచి ఉండటం వల్ల ఇంకో లాభం 2016లో బయటపడింది. 2,704 భాగాల పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ సెట్టులో స్టీరింగ్ వెనక ఉన్న మీటలతో మార్చే నాలుగు గేర్ల పెట్టె ఉంది. పుస్తకంలో చూపినట్టే కడితే గేర్లు 1, 3, 2, 4 వరసలో మారుతున్నాయని అభిరుచి గలవారు కనిపెట్టారు. చక్రాల పళ్ళు లెక్కబెట్టి, ఇంజను పిస్టన్ల వేగం చూసి పట్టుకున్నారు. తర్వాత కొన్ని చక్రాల స్థానాలు మార్చి వరసను సరిచేసుకున్నారు. అంత పేరున్న సంస్థ అంత పెద్ద సెట్టులో అటువంటి పొరపాటు చేయడం ఆశ్చర్యమే. కానీ ఆ గేర్ బాక్సు ఫ్యాక్టరీలో బిగించి మూసిన పెట్టె అయి ఉంటే పొరపాటు ఎవరికీ తెలిసేదీ కాదు, తెలిసినా ఎవరూ దిద్దగలిగేవారూ కాదు.

కాబట్టి మూతలు వద్దు, కొత్త భాగాలు తగ్గాలి అని నేను అంటుంటే వినేవాళ్ళకు సబబుగానే తోచేది. దానికి తోడు లెగో సంస్థ చరిత్రే నాకు సాక్ష్యం చెప్పేది. 1990ల చివరి నుంచి 2004 దాకా వాళ్ళు తయారుచేసే వేరువేరు భాగాల సంఖ్య ఆరు వేల ప్రాంతం నుంచి పన్నెండు వేలు దాటింది. ప్రతి కొత్త ఆకారానికీ ఒక ఉక్కు అచ్చు కావాలి, అచ్చు అంటే పెద్ద ఖర్చు. ఒకే ఒక సెట్టులో వాడి పక్కన పెట్టే ఆకారానికి కూడా అంతే ఖర్చు. 2003, 2004 సంవత్సరాల్లో సంస్థ మునుపెన్నడూ లేనంత నష్టపోయింది. దానికి కారణాలు ఇంకా ఉన్నాయి; అయితే 2004లో పగ్గాలు చేపట్టిన యోర్గెన్ విగ్ క్నూడ్‌స్టోర్ప్ హయాంలో చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి ఈ భాగాల జాబితాను గట్టిగా కత్తిరించడం. ఎక్కడ పడితే అక్కడ కొత్త భాగం పుట్టించడం పిల్లవాడికే కాదు, తయారుచేసేవాడికీ చేటే అయింది.

ఇన్ని సాక్ష్యాలు పెట్టుకుని కూర్చున్న నన్ను ఆ నిమ్మకాయంత హబ్బు ఎట్లా ఓడించింది?

జీపు కట్టడం అయ్యాక మావాడు దాన్ని నాలుగు దిండ్లు పేర్చిన కొండ ఎక్కించాడు. ఎక్కింది. నేను ఊరుకోక, హబ్బులు తీసేసి మామూలు చక్రాలు నేరుగా ఇరుసుకే తగిలించి, వేగం తగ్గించే పనంతా మోటారు దగ్గరే పాత చక్రాలతో జరిగేలా మార్చమన్నాను. రెండు సాయంత్రాలు కష్టపడి మార్చాడు. కాగితం మీద లెక్క ఒకటే: మోటారు అన్నే చుట్లు, చక్రం అన్నే చుట్లు. దిండ్ల కొండ మొదటి మెట్టు దగ్గర చక్రం ఆగింది, మోటారు ఆగలేదు. మధ్యలో ఉన్న పొడుగాటి ప్లాస్టిక్ ఇరుసు నా కళ్ళ ముందే తాడులా మెలిపడింది. దాని నాలుగు అంచులూ నిట్టనిలువుగా ఉండవలసినవి, మర గీతల్లా ఏటవాలుగా తిరిగాయి. మోటారు ఆపగానే ఇరుసు విడిచిన స్ప్రింగులా వెనక్కి విప్పుకుంది, కానీ పూర్తిగా కాదు. ఆ రాడ్డు ఇప్పటికీ కొంచెం మెలితిరిగే ఉంది, నా బల్ల మీద ఉంది.

కారణం విడ్డూరమేమీ కాదు. మోటారు దగ్గరే వేగం తగ్గిస్తే తిప్పుడు బలం అక్కడే పెరుగుతుంది. ఆ పెరిగిన బలాన్నంతా చక్రం దాకా మోయవలసింది సన్నని ప్లాస్టిక్ రాడ్డు. హబ్బులో తగ్గింపు 5.4 రెట్లు. తగ్గింపు చక్రం గుండెలోనే జరిగితే రాడ్డు మోసేది అందులో 5.4వ వంతే. మా నాన్నకు ఫోనులో ఈ సంగతి చెప్పగానే ఆయన నవ్వి, "గనిలో డంపర్లు నడిచేది గట్లనే కదరా. ఫైనల్ డ్రైవ్ హబ్బులోనే ఉంటది. లేకుంటే యాక్సిల్ రాడ్డు నీ తొడంత కావాలె" అన్నాడు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే పెద్ద డంపర్ల వెనక చక్రాల హబ్బుల్లో ఉండేది ఈ ప్లానెటరీ ఏర్పాటే: నడుమ ఒక చిన్న చక్రం, దాని చుట్టూ తిరిగే చక్రాలు, వాటి బయట లోపలివైపు పళ్ళున్న వలయం. ముప్పై ఏళ్ళు ఆ హబ్బులు విప్పి బిగించిన మనిషి ఇంట్లో ఉండగా, నేను ఇంజనీరింగ్ చదివి కూడా, బొమ్మ రాడ్డు మెలిపడేదాకా ఆ రెండు విషయాలనూ కలిపి చూడలేదు.

నా తక్కెడను పారేయనక్కరలేదు, సరిగ్గా పట్టుకోవాలంతే. ఆ హబ్బు మూసి ఉంది, నిజమే. కానీ అది పాత భాగాల పనిని లాక్కోలేదు. అంతవరకు బరువైన బండిలో పనికిరావని పక్కన పెట్టిన పొడుగాటి ఇరుసులకు, సన్నని కీలు జాయింట్లకు, ఆ డిఫరెన్షియల్ పంజరానికి అది మళ్ళీ పని ఇచ్చింది. లోపల కనబడనిది ఒక అడుగు. దానివల్ల బయట కనబడేలా కట్టగలిగింది పది అడుగులు. 2008లో వచ్చిన లీనియర్ యాక్చుయేటరూ ఇదే కోవలోది. దాని లోపలి మర కనబడదు; కానీ తిప్పుడును తోపుగా మార్చి, ఎక్కడ ఆపితే అక్కడ బరువును పట్టి నిలబెడుతుంది, చివరికి వచ్చాక లోపలి క్లచ్చు జారి దేన్నీ విరగనివ్వదు. ఎక్స్‌కవేటరు చెయ్యి ఎక్కడ తగిలించాలి, ఎంత ఎత్తు లేవాలి అన్న అసలు ఆలోచన పిల్లవాడికే మిగులుతుంది.

ఈ లెక్కలో నిలవలేనివీ ఉన్నాయి. ఒకే కారు బానెట్టు వంపు కోసం పుట్టి, ఇంకే బండికీ అతకని పలకలు నాకు గిట్టవు. అంతకంటే పెద్ద అభ్యంతరం మోటార్ల మీద, వాటి వైర్ల మీద. 2019లోనే వచ్చిన లీబెర్ ఆర్ 9800 ఎక్స్‌కవేటరులో 4,108 భాగాలు, ఏడు మోటార్లు. దాన్ని నడపాలంటే చేతిలో ఫోను, ఫోనులో ఆప్ ఉండాలి. అంతకుముందు 2007లో వచ్చిన పవర్ ఫంక్షన్స్ మోటార్ల ప్లగ్గు వేరు, దానికి ముందటి 9 వోల్టుల వాటి ప్లగ్గు వేరు, ఇప్పటిది మరొకటి. 1977 నాటి 24 పళ్ళ చక్రాన్ని ఇవాళ కొన్న 8 పళ్ళ చక్రం పక్కన పెడితే నిన్న విడిపోయిన అన్నదమ్ముల్లా కలిసిపోతాయి. పన్నెండేళ్ళ తేడా ఉన్న రెండు మోటార్లు మాత్రం ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. కొత్త భాగాల గురించి పేచీ పెట్టుకోదలచినవాళ్ళు పళ్ళ చక్రాలను వదిలి ఇక్కడ పెట్టుకోవాలని నా మనవి.

పాత డబ్బా మీద నాకెందుకింత పట్టింపు అని అడిగితే, మన దగ్గర పిల్లల చేతికి వచ్చేది సాధారణంగా ఒక్క డబ్బానే. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. దేశీయ పరిశ్రమకు ఊతమివ్వడానికి చేసిన ఆ పనిని నేను తప్పుపట్టను. కానీ ఏటా కొత్త సెట్టు కొనే ఇళ్ళు మనకు ఎన్ని ఉంటాయి? ఒక్కసారి కొన్న డబ్బా ఐదారేళ్ళు, ఇద్దరు ముగ్గురు పిల్లల చేతుల్లో పనిచేయాలి. అటువంటి ఇంట్లో తరువాత వచ్చే పది భాగాల చిన్న పొట్లం పాత డబ్బాతో కుదరకపోతే అది పొట్లం కాదు, ఇంకో డబ్బా.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. పదునైన అంచులు, మింగగల ముక్కలు, విష రంగులు లేకుండా చూడటానికి అది కావలసిందే. అయితే పళ్ళు పళ్ళతో కలుస్తాయా లేదా అన్నది ఆ గుర్తు చెప్పేది కాదు. కోఠిలో ఒక దుకాణంలో, లెగో కొలతలతోనే చేశామని చెప్పిన ఒక సెట్టు కొన్నాను. ఎవరిదో పేరు చెప్పను. పదకొండు కన్నాల పట్టీలో మొదటి కన్నం నుంచి చివరి కన్నానికి సరిగ్గా 80 మిల్లీమీటర్లు ఉండాలి. వెర్నియర్ కాలిపర్స్ పెడితే 80.5 వచ్చింది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. పట్టీని పాత పట్టీ పక్కన పెట్టి రెండు కొసలా పిన్నులు కొడితే మధ్యలో విల్లులా వంగింది. ఆ వంపులో దూర్చిన ఇరుసు బిగుసుకుపోయి, మోటారు మూలుగుతూ ఆగిపోయింది. నాన్న డ్రిల్లు వేసిన పట్టీయే గుర్తొచ్చింది. మనవాళ్ళు అచ్చులు చేయలేరని కాదు. బాలానగర్ షెడ్లలో అంతకన్నా సన్నని కొలతలకు పనిచేసే టర్నర్లు ఉన్నారు. బొమ్మకు అంత కొలత ఎందుకని ఎవరో అనుకున్నారు, అంతే.

మొన్న దసరాకు అక్కావాళ్ళింటికి వెళితే మావాడు ఒక నోటు పుస్తకం తెచ్చి చూపించాడు. హబ్బు చక్రం మీద, రాడ్డు మీద సుద్దతో చుక్కలు పెట్టి, చక్రం సరిగ్గా ఐదు చుట్లు తిరిగేసరికి రాడ్డు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కబెట్టాడట. 27. మూత తీయకుండానే లోపలి నిష్పత్తి పట్టేశాడు. ఆ కింద పేజీ నిండా కొట్టివేతలు: 40 బై 8, 36 బై 12, 24 బై 16... చిట్టచివర చుట్టూ గీత గీసిన ఒక వరస. 24 పళ్ళ దాన్ని 8 పళ్ళది తిప్పితే మూడు రెట్లు, 36 పళ్ళ దాన్ని 20 పళ్ళది తిప్పితే 1.8 రెట్లు, రెండూ హెచ్చిస్తే 5.4.

"కట్టావా?" అన్నాను.

కట్టాడు. 20, 36 కలిస్తే 28 మిల్లీమీటర్లు, మూడున్నర కన్నాలు. ఆ అర కన్నం దగ్గరే రోజంతా ఆగిపోయాడట. చివరికి నా పాత సంచిలో, గుబ్బల కింద సరిగ్గా రెండు కన్నాలుండే పొట్టి ఇటుకలు దొరికాయి. మామూలు కన్నాల ఇటుకల్లో కన్నం గుబ్బకూ గుబ్బకూ మధ్య ఉంటుంది కాబట్టి, ఈ రెండు రకాలనూ కలిపి పేరిస్తే అర కన్నం తేడా దానంతట అదే వస్తుంది. వాడు కట్టిన పెట్టె సబ్బు పెట్టెంత ఉంది, తిప్పితే గరగరమంటుంది, ఏ చక్రంలోనూ పట్టదు. దాని పక్కనే నిమ్మకాయంత హబ్బును పెట్టి, రెంటి రాడ్డులనూ రెండు చేతులతో ఒకేసారి తిప్పుతూ నన్ను లెక్కబెట్టమన్నాడు. నేను 19 దగ్గర తప్పాను. వాడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.